భాగ్యనగరపు సిటీబస్సు

1932 జూన్ 15వ తేదీన నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను తమ రోడ్డు రవాణా శాఖను స్థాపించినపుడు, రైలును రోడ్డును ఒండొంటితో పోటీపడనీక ఏకయాజమాన్యము క్రింద నిలుపుటయే వారి యుద్దేశము. ఆ బస్సుల నంబర్లలో నేటికిని కానవచ్చు ‘జెడ్’ అక్షరము ఏడవ నిజాము తల్లి జహ్రా బేగము పేరిట నిలిచినదని జనశ్రుతి; అందు నిజమెంతయో గాని, ఇంత విస్తారముగా ఊరూరును సంచరించు మాతృస్మారకమును మఱియొక ప్రభువు నిర్మించి యుండడు. విమానములకై తెప్పించిన గౌలిగూడలోని బృహత్తరమైన ఉక్కు షెడ్డు, మిసిసిపి హ్యాంగరని పేరొందినది, బస్సులకు నెలవై, 1994లో ఇమ్లీబన్‌లో క్రొత్త బస్‌స్టేషను వెలసిన పిమ్మటను సిటీబస్సులకు నీడనిచ్చి, తుదకు 2018 జూలై 5వ తేదీ ఉదయమున తనంతట తానే కూలిపోయినది.

1951 నవంబరులో ఈ శాఖ హైదరాబాదు ప్రభుత్వమునకు సంక్రమించెను. 1958 జనవరి 11న కార్పొరేషనుగా మారెను. ఈ నడుమనే, 1956లో కర్నూలునుండి రాజధాని తరలివచ్చుటతో గుమాస్తాల కుటుంబములు నగరమున చేరినవి. తరువాత రామచంద్రాపురమునను, బాలానగరమునను, కుషాయిగూడ చెంతను కేంద్రప్రభుత్వ కర్మాగారములు వెలసి, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ అను పేర్లు బస్సుల నుదుట గమ్యస్థానములై నిలిచినవి. ఊరు ఇట్లు నలుదిక్కుల సాగుచుండ, సికింద్రాబాదునుండి టాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజికి పోవు ఏడవ నంబరు డబుల్‌డెక్కరు మేడయెక్కి హుసేనుసాగరపు గాలి పీల్చిన భాగ్యవంతులు కొందఱైనను, క్రింద ఫుట్‌బోర్డుపై ఒంటికాలితో వ్రేలాడినవారే పెక్కండ్రు. 2003 ప్రాంతమున ఆ మేడబస్సులును మాయమైనవి.

రద్దీని మనవారు సహింపనేర్తురు. కండక్టరు టికెట్టు వెనుక చిల్లర బాకీ వ్రాసి యిచ్చినను, ‘రైట్ రైట్’ అనునంతలో కాలుమోపుటకు చోటు దొరికిన చాలునని తృప్తిపడుదురు. సహింపరానిది రాకడ నెఱుగలేకపోవుట. ముప్పావుగంట జాడలేని బస్సులు ఒకేమారు మూడు వరుసగా వచ్చుటను జనులు డ్రైవర్ల కుట్రగా నెంతురు గాని, దాని కారణము వేఱు: ముందుబస్సు ట్రాఫిక్కులో కొంచెము ఆలస్యమైనంతనే స్టాపులలో జనము పెరుగును, వారు ఎక్కుటకు మఱికొంత ఆలస్యమగును; వెనుకబస్సున ఎక్కవలసినవారు కొందఱే యుందురు గనుక అది త్వరితముగా వచ్చి ముందుదానిని కలిసికొనును. కావుననే మొదటిది క్రిక్కిరిసియు, మూడవది వెలితిగాను కానవచ్చును. బస్సులు చాలినన్ని యున్నపుడు ఈ దోషము పెద్దగా బాధింపదు. కొఱతపడినపుడే ప్రయాణికుని దినమంతయు తాఱుమాఱగును.

ఆ కొఱత నానాట హెచ్చినదే గాని తగ్గలేదు. సైబర్ టవర్స్ వెలసి ఐటీ కొలువులు పెరిగిన పిదప స్తోమతగలవారు స్కూటరులకును, కార్లకును మరలి, ఆ వాహనములతోనే బస్సుదారిని మూసిరి. 2019లో 52 దినముల సమ్మె ముగిసిన వెనుక నగరపు బస్సులను వందల సంఖ్యలో తగ్గించిరి. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణము, దాని వెంట జీరో టికెట్టు వచ్చినంతనే, రద్దీకంతటికిని వారే కారణమని పురుషులు సణుగసాగిరి. ఇది అన్యాయము. అంతవఱకు చార్జీ భారమై నడచినవారును, గడప దాటనివారును నేడు బస్సెక్కుచున్నారన్నచో ఆ అవసరము పూర్వమునుండి యున్నదే. జీరో టికెట్టును నిందించువారు, తమ డిపోలో పదియేండ్లక్రితము ఎన్ని బస్సులుండెనో, నేడెన్ని యున్నవో ముందుగా విచారింతురు గాక.