1969 భారత రాష్ట్రపతి ఎన్నిక

రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగా మరణించడంతో జరిగిన ఎన్నిక ఇది. పోలింగు ఆగష్టు 16న జరిగింది. కాంగ్రెసు అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి కాగా, వి.వి.గిరి స్వతంత్రునిగా పోటీచేశాడు. ప్రధాని ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమని కోరడంతో కాంగ్రెసు ఓట్లు చీలాయి.

పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యునిది 125. ప్రకాశం జిల్లా ఇంకా ఏర్పడనందున నాడు కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు శాసనసభ్యుల ఓట్లకూ ఇదే విలువ.

గెలుపుకు 4,18,169 కావలసి ఉండగా, తొలి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. రెండవ ప్రాధాన్యత ఓట్లు కలిపిన పిమ్మట గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427 పొందారు. తేడా 14,650, అనగా సుమారు 117 మంది ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుల ఓట్ల విలువ. అదే ఏడాది నవంబరులో కాంగ్రెసు చీలింది. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యాడు.