డిజిటల్ పటాలు, జలాశయాలు, నీలకంఠ రొయ్య: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- మంచినీటి రొయ్యల పెంపకానికి జలాశయాన్ని ఎంపిక చేయవలసిన అవసరం ఎందుకు ఏర్పడిందో వివరించగలుగుతారు.
- డిజిటల్ పటాల వినియోగం క్రమంగా అభివృద్ధి చెందిన తీరును తెలుసుకుంటారు.
- తెలంగాణ జలాశయాల విషయంలో పటాల ఉపయోగాన్ని, పరిమితులను చర్చించగలుగుతారు.

1. పరిచయం

నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరుగుతుంది, కాని దాని పుట్టుకకు ఉప్పు కలిసిన నీరు కావాలి. గుడ్లు మోసే తల్లి రొయ్యలు నది వెంట దిగువకు, సముద్ర ముఖద్వారం వైపు ప్రయాణిస్తాయి. అక్కడ పుట్టిన పిల్లలు కొన్ని వారాల తరువాత ఎదురీదుతూ మంచినీటిలోకి వస్తాయి. నదికి అడ్డంగా కట్టే ప్రతి కట్టడమూ ఈ రాకపోకలకు అడ్డంకే. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది డెల్టాకు అన్నం పెట్టింది. అదే సమయంలో రొయ్య నడిచే దారిని కుదించింది. తరువాతి కాలంలో ఎగువన నిర్మించిన పెద్ద జలాశయాల్లో ఈ రొయ్యను మనమే తెచ్చి వదలవలసి వస్తోంది. అది అక్కడ పెరుగుతుంది కాని సంతతిని నిలుపుకోలేదు. కాబట్టి ప్రతి సంవత్సరం పిల్లలను కొని వదలాలి. తగని జలాశయాన్ని ఎంచుకుంటే ఆ ఖర్చు ఆ ఏడాదే నీటిపాలవుతుంది. ఎంపిక ప్రాముఖ్యం ఇక్కడే ఉంది.

2. హేచరీ నుంచి జలాశయం వరకు

1961లో మలయా ప్రాంతంలోని పెనాంగ్‌లో షావో-వెన్ లింగ్ ఈ రొయ్య పిల్లలు బతకడానికి ఉప్పునీరు అవసరమని గుర్తించారు. ఆ తరువాత హవాయిలో తకుజి ఫుజిమురా పిల్లలను పెద్ద సంఖ్యలో ఉత్పత్తి చేసే పద్ధతిని రూపొందించారు. దీనితో సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతాలకు కూడా పిల్లలను చేర్చడం సాధ్యమైంది. మన దేశంలో నెల్లూరు ప్రాంతం ఈ సాగుకు ప్రధాన కేంద్రమైంది. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో వచ్చిన తెల్లతోక వ్యాధి అక్కడి రైతులను దెబ్బతీసింది. తెలంగాణలో 2017-18 నుంచి ప్రభుత్వం జలాశయాలలో రొయ్య పిల్లలను వదిలే కార్యక్రమం చేపట్టింది. చెరువులో రైతు మేత వేస్తాడు, నీరు మారుస్తాడు. జలాశయంలో ఆ అవకాశం లేదు. అందువల్ల స్థలాన్ని ముందుగా అంచనా వేయడం తప్పనిసరి.

3. పటం మారిన క్రమం

ఒక ప్రాంతం గురించిన వివిధ అంశాలను పారదర్శక కాగితాలపై గీసి, ఒకదానిపై ఒకటి పరచి చూసే పద్ధతిని ఇయాన్ మెక్‌హార్గ్ 1969లో వెలువరించిన గ్రంథం ప్రచారంలోకి తెచ్చింది. భౌగోళిక సమాచార వ్యవస్థ, అంటే జి.ఐ.ఎస్., ఈ పనినే కంప్యూటరులో చేస్తుంది. 1972 జులైలో అమెరికా ప్రయోగించిన లాండ్‌శాట్ తొలి ఉపగ్రహం నీటి విస్తీర్ణాన్ని పదేపదే చూసే వీలు కల్పించింది. హైదరాబాదులో జాతీయ దూర సంవేదన సంస్థ 1974లో ఏర్పడింది. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఎ ప్రయోగంతో భారత్‌కు సొంత చిత్రాలు లభించాయి. జలచరాల పెంపకానికి జి.ఐ.ఎస్.ను వాడిన తొలి ప్రయత్నాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1987లో ప్రచురించిన కోస్టారికా నికోయా సింధుశాఖ అధ్యయనం ముఖ్యమైనది.

4. ఎంపిక విధానం

ఎంపికను రెండు దశలుగా అర్థం చేసుకోవాలి. మొదటిది తొలగింపు. వేసవిలో ఎండిపోయే లేదా మరీ లోతు తగ్గే జలాశయాన్ని జాబితా నుంచి తీసివేయాలి. ఇందుకు వర్షాకాలం చివరి ఉపగ్రహ చిత్రాన్ని, మే నెల చిత్రాన్ని పోల్చాలి. ఒక్క సంవత్సరం చాలదు, కరువు సంవత్సరాలను కూడా చేర్చాలి. రెండవ దశలో మిగిలిన వాటికి మార్కులు ఇస్తారు. నీటి ఉష్ణోగ్రత 28 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య, పి.హెచ్. 7.0 నుంచి 8.5 మధ్య ఉంటే ఈ రొయ్యకు అనుకూలం. వీటితో పాటు హేచరీ నుంచి దూరం, రోడ్డు, మంచు, మార్కెట్ సౌకర్యాలను లెక్కిస్తారు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. అన్ని అంశాలకు సగటు తీస్తే, ఎండిపోయే జలాశయం కూడా మంచి రోడ్డు ఉన్నందువల్ల పై స్థానంలో నిలవవచ్చు. రోడ్డు నీటికి ప్రత్యామ్నాయం కాదు. అందుకే తొలగింపు ముందు, మార్కులు తరువాత.

పాత పటాలకు కూడా విలువ ఉంది. నాగార్జునసాగర్ వంటి జలాశయాల కింద ఒకప్పటి ఊళ్ళు, గుట్టలు, చెట్లు మునిగి ఉన్నాయి. రొయ్య అడుగున తిరిగే జీవి. అడుగున మోడులు, రాళ్ళు ఉంటే వలలు చిక్కుకుంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీటును నేటి చిత్రంపై పరిస్తే ఏ భాగంలో వల వేయవచ్చో కొంతవరకు ఊహించవచ్చు. అయితే కాలం అడుగును కూడా మారుస్తుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 1970ల నాటికి సగానికంటే తక్కువకు పడిపోయింది. పాత లోతును నేటి లోతుగా భావించరాదు.

5. పటం చూపనివి

ఉపగ్రహం నీటిపై నీలిరంగును చూపుతుంది కాని నీటిలోని కొర్రమీను, వాలుగ వంటి వేటాడే చేపలను చూపదు. అలుగు పారినప్పుడు ఎన్ని పిల్లలు కొట్టుకుపోతాయో చెప్పదు. ఆ జలాశయంలో వల వేసే హక్కు ఏ మత్స్యకారుల సహకార సంఘానిదో, వదిలిన రొయ్య పెరిగేదాకా ఆగే కట్టుబాటు ఉందో లేదో కూడా చెప్పదు. ఇవి ఒడ్డున కూర్చుని మత్స్యకారులను అడిగి తెలుసుకోవలసిన విషయాలు. వారి సమాచారాన్ని పటంలో మరొక పొరగా చేర్చినప్పుడే ఎంపిక పూర్తవుతుంది. ఫలితాన్ని అనుభవించేవారు వారే. నష్టపోయినా వారే.

6. సారాంశం

ఆనకట్టలు నీలకంఠ రొయ్య సహజ మార్గాన్ని మూసివేయగా, హేచరీలు దానికి కొత్త మార్గం చూపాయి. డిజిటల్ పటం ఆ మార్గంలో తగని స్థలాలను త్వరగా తొలగించే సాధనం. తుది నిర్ణయం మాత్రం నీటి పరీక్ష, క్షేత్ర పరిశీలన, మత్స్యకారుల అనుభవం కలిసి చేయవలసినది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జలాశయంలో వదిలిన నీలకంఠ రొయ్య ఎందుకు సంతతిని నిలుపుకోలేదు?
2. ఎంపికలో తొలగింపు దశ మార్కుల దశ కంటే ముందు ఎందుకు ఉండాలి?
3. మీ ప్రాంతంలోని ఒక జలాశయాన్ని తీసుకుని, పటం నుంచి తెలిసే మూడు విషయాలను, మత్స్యకారులను అడిగి మాత్రమే తెలుసుకోగల మూడు విషయాలను రాయండి.