ఇంగువ డబ్బాలో గోధుమ పిండి

ఇంటికొచ్చిన అతిథి ఏదైనా తినకూడదంటే మన తెలుగువాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. "కొంచెం తింటే ఏం కాదులెండి" అని ఒకసారి బతిమాలతాం. కుదరకపోతే ఓ గిన్నెలో ఉడకబెట్టిన కూరముక్కలు, ఇంకో గిన్నెలో పెరుగన్నం పెట్టి, "పాపం, ఏమీ తినలేదు" అని వాళ్ళు వెళ్ళాక రెండు రోజులు బాధపడతాం. పథ్యం అంటే చప్పిడి తిండి అని మన బుర్రల్లో ఎప్పుడో స్థిరపడిపోయింది. కానీ మన వంట పుట్టుపూర్వోత్తరాలు కాస్త తవ్వి చూస్తే, ఆ రుచుల్లో చాలా భాగం ఏదో ఒక పథ్యం పాటించిన ఇళ్ళలోంచే వచ్చిందని తెలుస్తుంది. అందుకు ఇంగువే సాక్ష్యం. ఆ సాక్షి కథ కొంచెం మెలిక తిరిగినది.

ఈ విషయం నాకు పట్టింది మా ఆఫీసులో ఒక అమెరికన్ స్నేహితుడి వల్ల. అతనికి సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళ్తే, అతని శరీరం తన చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీసుకుంటుంది. రొట్టె తునక చాలు. అమెరికాలో నూటికి ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. పాట్‌లక్ జరిగినప్పుడల్లా అతను తన డబ్బా తనే తెచ్చుకుని, నలుగురి మధ్యా కూర్చుని అదే తినేవాడు. ఒక సంక్రాంతికి అతన్ని మా ఇంటికి పిలవాలనుకున్నాం. మా ఆవిడ వంటకాల జాబితా రాసింది. మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ, పులిహోర, మజ్జిగ పులుసు, చారు, గారెలు. ఇందులో గోధుమ ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఆ జాబితా అతనికి పంపిస్తే ఎంతో మర్యాదగా ఒకటే అడిగాడు: పొడుల డబ్బాల మీది లేబుళ్ళు ఫోటో తీసి పంపగలరా అని. అన్నీ తీశాం. ఇంగువ డబ్బా వెనక సన్నటి అక్షరాలలో మొట్టమొదటి దినుసు గోధుమ పిండి.

అతని జాగ్రత్త చాదస్తం కాదని తెలియాలంటే ఆ జబ్బు చరిత్ర చూడాలి. రెండవ శతాబ్దంలో కప్పడోసియాకి చెందిన అరెటియస్ అనే గ్రీకు వైద్యుడు దీని లక్షణాలు వర్ణించాడు. కోయిలియా అంటే గ్రీకులో పొట్ట. సీలియాక్ అన్న మాట అక్కణ్ణించి వచ్చిందే. ఆ తరవాత పదిహేడు వందల ఏళ్ళు ఎవరికీ అంతు పట్టలేదు. 1888లో లండన్‌లో శామ్యూల్ గీ అనే వైద్యుడు, ఈ పిల్లలకి నయమంటూ అయితే అది తిండి ద్వారానే కావాలని రాశాడు. ఏ తిండి అన్నది ఆయనకీ తెలియదు. ఒక పిల్లవాడికి రోజూ హాలండు నుంచి వచ్చిన ఒక రకం ఆల్చిప్పల మాంసం పెడితే భేషుగ్గా కోలుకున్నాడు. ఆ సీజను అయిపోగానే జబ్బు తిరగబెట్టింది. మరుసటి ఏడు మళ్ళీ పెడదామంటే ఆ పిల్లవాడు ముట్టనే లేదట.

1924లో న్యూయార్కులో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టాడు. రొట్టె, బంగాళాదుంప వంటి పిండి పదార్థాలు మాన్పించి అరటిపండ్లు తినిపించాడు. పిల్లలు బతికారు. దాంతో మహిమంతా అరటిపండుదే అని లోకం నమ్మింది. పనిచేసింది అరటిపండు పెట్టడం కాదు, రొట్టె ఆపడం. ఇక నయమైపోయిందని కొన్నేళ్ళ తరవాత మళ్ళీ రొట్టె పెట్టినవాళ్ళకి కథ మొదటికొచ్చింది. ప్రోగ్రాములో ఒక లైను మారిస్తే బగ్గు మాయమై, ఎందుకు మాయమయిందో తెలియకుండానే రిలీజు చేసేసే అలవాటు మా వృత్తిలోనూ ఉంది కాబట్టి హాస్‌ని నేను పెద్దగా తప్పు పట్టలేను.

అసలు దొంగని పట్టుకున్నది హేగ్ నగరంలో పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె. గోధుమ మీద ఆయనకి 1930లలోనే అనుమానం ఉంది. 1941లో గోధుమ లేని ఆహారం గురించి ప్రచురించాడు కూడా. తరవాత 1944-45 చలికాలం వచ్చింది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పశ్చిమ హాలండుకి తిండి అందక జనం ట్యూలిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. వేలమంది చచ్చిపోయారు. రొట్టె దొరకని ఆ రోజుల్లో సీలియాక్ పిల్లలు మెరుగ్గా ఉండడం, యుద్ధం ముగిసి రొట్టె తిరిగి రాగానే వాళ్ళకి జబ్బు తిరగబెట్టడం ఆయన అనుమానానికి బలమిచ్చాయి. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన సిద్ధాంత గ్రంథంలో ఆయన దాన్ని నిరూపించాడు. 1952లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యులు గోధుమలోని గ్లూటెనే కారణమని తేల్చారు. అంటే మనలో చాలామంది తల్లిదండ్రులు పుట్టేనాటికి ఈ జబ్బుకి మందేమిటో ప్రపంచానికి తెలియదు. తెలిశాక కూడా మందు మాత్రల్లో రాలేదు. ఈనాటికీ వంటింట్లోనే ఉంది.

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. తెలుగు నేలమీద గోధుమ చుట్టంలా వచ్చిన ధాన్యమే కాని ఇంటి మనిషి కాదు. నీళ్ళున్న చోట వరి, లేని చోట జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, ఆరిక. శ్రీనాథుడి పేరు మీద ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూడుని వెక్కిరించడం మీకు తెలిసిందే. వెక్కిరించాడు కాని, జొన్నలో గ్లూటెన్ లేదన్న సంగతి పాపం ఆయనకేం తెలుసు! 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక గోదావరి డెల్టాలో వరి విస్తరించింది. 1983లో రామారావుగారి రెండు రూపాయల కిలో బియ్యంతో జొన్న, రాగి తినే ఊళ్ళకీ వరన్నం అలవాటైంది. నిజాం రాజ్యం వల్ల హైదరాబాదులో మాత్రం నాను, షీర్మాల్, హలీం స్థిరపడ్డాయి. హలీం అంటే మాంసమే అనుకుంటారు కాని, అందులో సగం ప్రాణం గోధుమదే. మిగిలిన జిల్లాల ఇళ్ళలోకి గోధుమ పెద్దయెత్తున వచ్చింది 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరి, ఓడలకొద్దీ గోధుమలు దిగిన తరవాతే. రాత్రిపూట చపాతీ తింటే ఆరోగ్యం అన్న నమ్మకం దాని వెనకే వచ్చింది. అమెరికా ఇండియాకి పంపిన గోధుమ అలవాటుని మనం మళ్ళీ మూటగట్టుకుని అమెరికాకి తెచ్చుకున్నాం!

కాబట్టి సీలియాక్ స్నేహితుడి కోసం మనం ఏదీ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కొంచెం వెనక్కి నడిస్తే చాలు. చూడండి, అదే పూర్ణానికి రెండు పైతొడుగులున్నాయి. మైదా చుడితే బొబ్బట్టు, బియ్యం-మినప్పప్పు తోపులో ముంచితే బూరె. బూరె అతను నిశ్చింతగా తినొచ్చు. తాపేశ్వరం కాజా మైదాది, ఆ పక్కనే ఆత్రేయపురం పూతరేకు బియ్యానిది. సేమ్యా పాయసం వద్దు, పెసరపప్పు పాయసం కావాల్సినంత. ఉప్మాకి గోధుమ రవ్వ మానేసి బియ్యపు రవ్వ వేస్తే అది మన ఉప్పుడు పిండే. తెలంగాణ వాళ్ళయితే సర్వపిండి, రాయలసీమ వాళ్ళయితే సంగటి. ఒక్క ఇంగువ దగ్గరే ముల్లు ఇరుక్కుంది.

ఇంగువ మన మొక్క కాదు. ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో పెరిగే ఒక మొక్క వేరుకి గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి ఇంగువ అవుతుంది. రోమన్లకి లిబియా తీరంలోని సైరీన్ నుంచి సిల్ఫియం అనే ఇలాంటి దినుసే ఒకటి వచ్చేది. దాన్ని తిని తిని అంతరింపజేశారు. తన కాలంలో దొరికిన ఒకే ఒక్క కాడని నీరో చక్రవర్తికి పంపారని ప్లినీ రాశాడు. ఆ తరవాత వాళ్ళకీ ఇంగువే గతి అయింది. అపిసియస్ పేరుతో ఉన్న రోమన్ వంటల పుస్తకంలో, దాన్ని చిల్గోజా లాంటి పైన్ గింజలతో కలిపి సీసాలో పెట్టి, వాసన పట్టిన గింజల్నే వంటలో వాడమని చిట్కా ఉంది. మన "ఇంగువ కట్టిన గుడ్డ" సామెత రోమ్‌లో కూడా చెల్లేదన్నమాట.

1563లో గోవాలో పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా, భారతదేశమంతటా అన్నిటికన్నా ఎక్కువగా వాడే మందు దినుసు, వంట దినుసు ఇంగువే అని నమోదు చేశాడు. ఎవరు వాడేవారు? ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి ముట్టనివాళ్ళు. వైష్ణవులు, జైనులు, మన దగ్గర మడి వంటలు చేసే ఇళ్ళు. ఆవకాయలో వెల్లుల్లి వేసే ఇళ్ళకి ఆ ఘాటు ఉంది. అది నిషిద్ధమైన ఇళ్ళు మాగాయలో ఇంగువ పోపు పెట్టి, ఆ లోటు తెలియనివ్వకుండా ఇంకో రుచినే తయారు చేసుకున్నాయి. రెండింటిలోనూ ఉండేవి గంధక సంబంధమైన వాసనలే, అందుకే ఒకదాని చోట ఒకటి నిలబడుతుంది. అలా ఒకరి పథ్యానికి ప్రాణం పోసిన దినుసే నేడు ఇంకొకరి పథ్యానికి అడ్డం వచ్చింది.

దీనికి కారణం వ్యాపారంలో ఉంది. ముడి ఇంగువ జిగురు. చిటికెడు ఎక్కువైతే కూర చేదెక్కిపోతుంది. పొడి కొట్టడం, తూచి అమ్మడం కష్టం. అందుకని ముడిసరుకు దిగుమతి చేసుకుని, తుమ్మజిగురు, పిండి కలిపి మచ్చిక చేస్తారు. ఉత్తరప్రదేశ్‌లోని హత్రాస్ ఈ పనికి పేరుపొందిన ఊరు. గోధుమ పండే ప్రాంతంలో చేతికందే పిండి ఏది? వాళ్ళకది కల్తీ కాదు, పద్ధతి. గోధుమే ప్రధానాహారమైనచోట ఇంగువలో చిటికెడు గోధుమ ఎవరికి పట్టింది? అమెరికాలో 2004లో చేసిన చట్టం 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి, ప్యాకెట్ల మీద గోధుమ పేరు విధిగా రాయమన్నాక ఆ పిండి పేరు బయటపడింది. "గ్లూటెన్ ఫ్రీ" అని రాయాలంటే పది లక్షల్లో 20 పాళ్ళకన్నా తక్కువ ఉండాలని 2013లో ఇంకో నిబంధన వచ్చింది. బార్లీ మాత్రం ఆ 2004 చట్టంలో లేదు. హార్లిక్స్ వంటి మాల్టు పానీయాల దగ్గర అది గుర్తుంచుకోవాలి.

ఇక ఆ సంక్రాంతి వంట సంగతి. మా ఆవిడ ముద్ద ఇంగువ వెతికి తెప్పించింది, ఇంకే దినుసూ కలపనిది. బఠాణీ గింజలో సగమంత ముక్క వేడినీళ్ళలో నానబెడితే పాలలా విరిగింది. పులిహోరకీ చారుకీ అదే సరిపోయింది, డబ్బా పొడికన్నా వాసన ఘుమఘుమలాడింది. బియ్యప్పిండితో కలిపిన ఇంగువ పొడులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. కొనే చారుపొడి, సాంబారుపొడి, కొన్ని ఊరగాయల్లో ఇదే ఇంగువ దాక్కుని ఉంటుంది కనుక చారుపొడి ఇంట్లోనే కొట్టుకున్నాం. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, కందిపప్పు, ఎండుమిర్చి. కందిపప్పులో అప్పుడప్పుడు గోధుమ గింజలు తగులుతాయి, అందుకని మా అమ్మ చేటలో ఏరినట్టే పళ్ళెంలో పోసి ఏరాం. చపాతీల పెనం జోలికి వెళ్ళలేదు. పూరీలు వేయించిన నూనె పక్కన పెట్టి, గారెలకి కొత్త నూనె పోశాం. చెక్క గరిటెలు, పీటలు గోధుమ వాసన వదలవని ఆ పూట స్టీలువే వాడాం.

అతను మూడుసార్లు చారు పోయించుకున్నాడు. ఆ రోజు డబ్బా తెచ్చుకోలేదు.

మన విందుల్లో అసలు చిక్కు ఈ పప్పూ చారూ కాదు. గోబీ మంచూరియాలో మైదా, దానిమీద పోసే సోయా సాసులో మళ్ళీ గోధుమ. దాని పక్క గిన్నెలో మామిడికాయ పప్పు అమాయకంగా కూర్చుని ఉంటుంది, రెండింటికీ ఒకే గరిటె. వడ్డన దగ్గర నిలబడే కుర్రవాళ్ళకి ఏ గరిటె ఏ గిన్నెదో చెప్పి పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. పోపులో ఏ ఇంగువ వేశారో కేటరరుని అడగడానికి ఇంకొక నిమిషం.