చెన్నపురి పదునాలుగంతస్తుల మేడ

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మవతరించినది. చెన్నపురి మాత్రము మనకు దక్కలేదు. ఆ యేడే మౌంటు రోడ్డున యునైటెడ్ ఇండియా బీమా సంస్థకై యొక మహాసౌధ నిర్మాణ మారంభమైనది. సంకల్పించిన ఎం.సి.టి. చిదంబరం చెట్టియారుగారు 1954లో సింగపూరు విమానప్రమాదమున మరణించిరి. 1956లో జీవిత బీమా జాతీయమై, కట్టడము ప్రభుత్వ సంస్థకు సంక్రమించినది. లండను వాస్తుశిల్పులు బ్రౌను, మౌలినుల రూపకల్పనను ఎల్.ఎం. చితలేగారు పూర్తిచేసిరి. 1959 ఆగస్టు 23న మొరార్జీ దేశాయిగారు దీనిని ప్రారంభించిరి.

ఎత్తు 177 అడుగులు. కలశము లేదు, చెక్కడము లేదు. ఉక్కు, కాంక్రీటుల తిన్ననైన నిలువే దీని యందము. గోపురములకు తలయెత్తి మ్రొక్కుట కలవాటుపడిన మనవారు దీనిని తలయెత్తి లెక్కపెట్టిరి! పల్లెటూరి నాయకుడు పట్నము చేరెనని తెలుపుటకు తెలుగు చలనచిత్రములు సెంట్రలు స్టేషనుతోపాటు ఈ మేడనే చూపెడివి. రాజధానిగా దక్కని నగరము మన ప్రేక్షకుల కన్నులలో నిట్లు నిలిచినది. 1975లో అగ్నిప్రమాదమునకు గురియైనను మేడ కూలలేదు.