మాట వెనుక కథ: లూపస్ యాంటీకోయాగ్యులెంట్

లాటిన్‌లో లూపస్ అంటే తోడేలు. చర్మాన్ని కొరికేసినట్టు కనిపించే పుండ్లకు పూర్వపు వైద్యులు పెట్టిన పేరది. యాంటీకోయాగ్యులెంట్ అంటే రక్తాన్ని గడ్డకట్టనివ్వనిది. ఈ రెంటినీ జతచేసి 1972లో ఫైన్‌స్టీన్, రాపపోర్ట్ అనే పరిశోధకులు ఈ పేరు పెట్టారు.

ఈ పేరున్నవి నిజానికి కొన్ని యాంటీబాడీలు. పరీక్షనాళికలో ఇవి ఫాస్ఫోలిపిడ్లను అడ్డగించి రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. ఒంట్లో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. రక్తనాళాల లోపొరను, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి కాలి సిరల్లోనో మెదడులోనో గడ్డలు కట్టిస్తాయి. కొందరిలో గర్భం నిలవనివ్వవు. ఈ జబ్బే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. ఈ యాంటీబాడీ ఉన్న చాలామందికి అసలు లూపస్ జబ్బే ఉండదు.

ఈ సిండ్రోమ్ ఎవరికి వస్తుంది? హెచ్‌ఎల్‌ఏ-డీఆర్4, డీఆర్7 వంటి జన్యురకాలు ముప్పు పెంచుతాయి గానీ అవే సర్వం కాదు. రోగుల న్యూట్రోఫిల్ కణాల్లో కొన్ని జన్యువుల దగ్గర మిథైల్ గుర్తులు తగ్గినట్టు పరిశోధకులు చూశారు. డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే జన్యువు పనితీరు మారడమంటే ఇదే, ఎపిజెనెటిక్స్.

రక్తపరీక్ష రిపోర్టులో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అన్న పేరు కనిపిస్తే రక్తం పల్చబడిందనుకుని సొంతంగా మందులు మానకండి. కనీసం 12 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి.