పంటలో వాటా, నష్టంలో వాటా: 1986 నాటి రెండు అమెరికా క్షేత్రాలు

అమెరికాలో సభ్యుల వాటాలతో సాగే వ్యవసాయానికి 1986లో రెండు చోట్ల పునాది పడింది: మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూహాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్. సభ్యులు సాగు ఖర్చు భరిస్తామని ముందే ఒప్పుకుని, పంట దెబ్బతింటే నష్టాన్నీ పంచుకోవడం రెండింటికీ మూలసూత్రం. ఇండియన్ లైన్‌లో ఏడాది ఖర్చును వాటాలుగా భాగించి ధర కట్టారు.

టెంపుల్-విల్టన్ దారి వేరు. అక్కడ రైతులు వార్షిక సభలో ఖర్చుల అంచనాను సభ్యుల ముందుంచుతారు. ఎవరి శక్తికొద్దీ వారు ఇంత ఇస్తామని చెబుతారు. మొత్తం చాలకపోతే మళ్ళీ అడుగుతారు. పంట మాత్రం చెల్లింపును బట్టి కాక అవసరాన్ని బట్టి తీసుకుంటారు.

నిర్ణీత ధర ఉన్నచోట సభ్యుని అసంతృప్తి కొనుగోలుదారు ఫిర్యాదుగా మారడం తేలిక. లెక్కలు తెరిచి చూపినచోట అదే మాట, ఏ పంటకు ఎంత ఖర్చు, ఎంత శ్రమ అన్న చర్చకు దారితీస్తుంది. ఆ లెక్కల్లో రైతు కుటుంబ జీవనవ్యయం కూడా ఉంటుంది గనుక, ఆ చర్చ రైతుకు అంత సుఖమైనదేమీ కాదు.