విశాఖ మేయర్‌ను ఎవరు ఎన్నుకున్నారు?

రాష్ట్రంలో ఎవరి గాలి వీస్తే విశాఖ మేయర్ కుర్చీ వారిదే అని మనవాళ్లు తేల్చేస్తుంటారు. 2007 నుంచి ఇప్పటిదాకా చూస్తే అది నిజమే. అంతకుముందు చరిత్ర మాత్రం ఆ మాటకు లొంగదు.

1866లో మున్సిపాలిటీ అయిన ఊరు 1979లో నగరపాలక సంస్థ అయింది. 1981లో తొలి మేయర్ అయిన ఎన్.ఎస్.ఎన్. రెడ్డి భాజపా మనిషి. అప్పుడు రాష్ట్రాన్ని ఏలుతున్నది కాంగ్రెస్. భాజపా పుట్టి ఏడాదైనా గట్టిగా కాలేదు. దీన్ని ఒక వింతగా చెప్పుకుని ముందుకు వెళ్లిపోతారు.

అసలు చూడవలసింది ఓటరే మేయర్‌ను నేరుగా ఎన్నుకున్న కాలాన్ని. కార్పొరేటర్‌కు ఒక ఓటు, మేయర్‌కు మరొకటి. 1987లో న్యాయవాది డి.వి. సుబ్బారావు తెలుగుదేశం తరఫున గెలిచారు. రాష్ట్రంలోనూ అదే పార్టీ కాబట్టి గాలి వాదానికి అడ్డు లేదు. 1995 సంగతి వేరు. 1994 డిసెంబరులో తెలుగుదేశం ఊడ్చేసింది, కాంగ్రెస్‌కు శాసనసభలో మిగిలినవి 26 స్థానాలు. కొన్ని నెలలకే విశాఖ ఓటరు కాంగ్రెస్ అభ్యర్థి సబ్బం హరిని మేయర్‌ను చేశాడు. ఆయన సొంత పలుకుబడిని తక్కువ చేయలేం, ఒక్క ఎన్నికను పట్టుకుని సూత్రం కట్టడమూ తప్పే. కానీ మనిషిని చూసి ఓటు వేసే వీలు ఉండబట్టే ఆ పలుకుబడి పనికొచ్చింది. వార్డుల లెక్కతో మేయర్‌ను తేల్చే పద్ధతిలో ఆ వీలు ఉండదు.

2005 నాటికి ఆ ఓటు పోయింది. మేయర్ ఎన్నిక పద్ధతిని 74వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాలకే వదిలింది గనక శాసనసభ తలచుకుంటే చాలు. అదే ఏడాది గాజువాక, 32 గ్రామాలు కలిసి నగరం మహా విశాఖ అయింది. ఊరు పెరిగింది, ఓటరు చేతిలో ఓటు తగ్గింది. 2007లో రాష్ట్రంలో కాంగ్రెస్, మేయర్ కాంగ్రెస్‌కు చెందిన పులుసు జనార్దనరావు. 2012లో గడువు తీరాక తొమ్మిదేళ్లు ఎన్నికే లేదు, ప్రత్యేకాధికారులు నడిపారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద అన్యాయం అదే.

విశాఖ ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా ఉద్యమం నడుస్తుండగా 2021 మార్చిలో 98 వార్డులకు పోలింగ్ జరిగింది. వైకాపాకు 58, తెలుగుదేశానికి 30, జనసేనకు 3, భాజపా, సీపీఐ, సీపీఎంలకు ఒక్కొక్కటి, స్వతంత్రులకు 4. ఇన్ని పార్టీలు గెలిచిన కౌన్సిల్‌లోనూ వైకాపాకు చెందిన గొలగాని హరి వెంకటకుమారి మేయర్‌గా ఎన్నిక కావడం లాంఛనమే అయింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్ 19న ఆమెపై 74 ఓట్లతో అవిశ్వాసం నెగ్గింది, ఆ నెలలోనే తెలుగుదేశం నేత పీలా శ్రీనివాసరావు మేయర్ అయ్యారు. చట్టం ప్రకారమే జరిగింది. అయినా నగరంలో ఒక్క ఓటరూ మళ్లీ ఓటు వేయలేదు.

ప్రత్యక్ష ఎన్నిక సర్వరోగ నివారిణి కాదు. 1983లో షికాగో ప్రజలు గెలిపించిన హెరాల్డ్ వాషింగ్టన్‌ను కౌన్సిల్‌లో 29 మంది ఒక్కటై మూడేళ్లు కదలనివ్వలేదు. మన మేయర్‌కు అంతకంటే పెద్ద చిక్కు కమిషనర్. కార్యనిర్వాహక అధికారం ఆ ఐఏఎస్ అధికారిదే. మేయర్ ఓటును ప్రజలకు తిరిగి ఇచ్చే చట్టం ఆ అధికారంలో కొంతైనా మేయర్‌కు అప్పగించాలి.